పెండ్లికార్డు మీద కరెంటు: కోరుట్ల మీదుగా సిరిసిల్లకు ఒక శనివారం

కొండగట్టుకు ఎట్ల పోవాలె, ఏ పూట పోతే లైన్ తక్కువుంటది, కోతుల నుంచి కొబ్బరికాయను ఎట్ల కాపాడుకోవాలె అని రాద్దామనే బయలుదేరిన. ముందే చెప్తున్న, ఇందులో కొండగట్టు లేదు. దర్శనం లేదు, ప్రసాదం లేదు, ఆఖరికి కోతి గూడ లేదు. ఉన్నదల్లా మా తమ్ముడు ప్రశాంత్, వాని కాగితాలు, నా ఖాళీ కడుపు. రెండో శనివారం బడికి సెలవు గదా అని అంజన్నకు మొక్కుకున్న. దర్శనం అయినంకనే తింటనని ఒక్కపొద్దు పట్టిన. శుక్రవారం సాయంత్రం వీడు ఫోన్ చేసి, "అక్కా, నువ్వు ఎట్లాగూ జగిత్యాల తొవ్వల్నే పోతున్నవ్ గదా, నాకు తోడు రారాదు? జగిత్యాలల చిన్న పని, కోరుట్లల చిన్న పని, సిరిసిల్లల ఇంకో చిన్న పని. వచ్చేటప్పుడు కొండగట్టు" అన్నడు. ఈ దిక్కు మ్యాపు ఎరిగినోళ్లకు ఇక్కడనే నవ్వొస్తది. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయేటప్పుడు కొండగట్టు ముందే వస్తది. సిరిసిల్ల నుంచి కరీంనగర్ వచ్చేటప్పుడు అది రానే రాదు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని, అయినా సరే అన్న.

సరే అన్నది చిన్నమ్మ కోసం. మా అమ్మ చెల్లె రాజవ్వ సిరిసిల్లలో కండెలు చుడ్తది. మరమగ్గం మీద అడ్డం పోయే దారాన్ని ముందుగాల చిన్న కట్టెపుల్ల మీద చుట్టిపెట్టాలె, దాన్నే కండె అంటరు. ఒక్కో మిషన్ మీద ఎనిమిది కదుర్లు గిరగిర తిరుగుతుంటయ్. ఏ కదురు మీద దారం తెగినా చప్పుడు మారుతది, ఆ చప్పుడును పట్టుకొని చెయ్యి అటు పోవాలె. వయసుల ఉన్నప్పటి నుంచి మగ్గాల నడుమ కూసున్న చెవులు మరి, ఇప్పుడు చిన్నమ్మకు ఆ తేడా ఇనవడతలేదు. దారం తెగిన కదురు ఖాళీగ తిరుగుతనే ఉంటది, కండెలు సగం సగం వస్తున్నయ్. షెడ్డు నడిపే ఆసామి చూసి, "నిద్రపోతున్నవా ఏంది అవ్వా? ఈ నెల చూస్త. గిట్లనే అయితే మిషన్ వేరేటోళ్లకిస్త" అన్నడట. చిన్నమ్మ అవును, రాత్రిపూట నిద్ర పడతలేదు అని ఒప్పుకున్నదట. చెవులని చెప్తే ఆ రోజే ఇంటికి పంపిస్తడని ఆమె భయం. ఈ ముచ్చట మా అమ్మకు ఒక్కదానికే చెప్పుకున్నది. అమ్మ మా ఇద్దరికి చెప్పి, షెడ్డుల నోరు జారకున్రి అని ఒట్టేయించుకున్నది. నేను ఒట్టేసిన, ప్రశాంత్ కూడ వేసిండు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

పొద్దున ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో జగిత్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కినం. ఆడోళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ చేతిలో పెడ్తరు. ప్రశాంత్ టికెట్ వంద లోపే. కిటికీ పక్కన కూసోవాలంటే పావుగంట ముందే పోండి, అది గూడ తువ్వాలో సంచో వేసి సీటు ఆపితేనే. ప్రశాంత్ ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్తడు. పెండ్లి సంబంధం గురించి అడిగితే ఒక్క ముక్కలో తేలుస్తడు, కాగితం మీద కరెంటు గురించి అడిగితే ఊరు వచ్చినా ఆపడు. ఆ రోజు నేను అడగలే, అయినా చెప్పిండు.

వాడు చెప్పినదాంట్లో నాకు ఎక్కింది ఇది. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ పొరలు పొరలుగ ఉంటది, ఉల్లిగడ్డ లెక్క, కాకపోతే కంటికి ఆననంత పల్చటి పొరలు. కాగితం మీద రుద్దితే పొరలు జారి కాగితానికి అంటుకుంటయ్, దాన్నే మనం రాత అంటున్నం. ఆ రాతలో కరెంటు పోతది. కాగితాన్ని వంచితే పొరలు ఎడమై కరెంటు తగ్గుతది, వదిలేస్తే మళ్ల దగ్గరికొచ్చి పెరుగుతది. అందుకని వీడు అట్ట కాగితాన్ని వేలెడంత నాలుక లెక్క కోసి, దాని మీద నల్ల గీత అచ్చేసి, కదురుకు పోయే దారం ఆ నాలుకను వంచేటట్టు పెడ్తడు. దారం ఉన్నంతసేపు నాలుక వంగి ఉంటది. దారం తెగితే నాలుక పైకి లేస్తది, పక్కనున్న చిన్న ఎర్ర లైటు వెలుగుతది. చెవి చేసే పనిని కంటికి అప్పజెప్పుడు అన్నమాట. దుకాణంల దొరికే సెన్సర్లు ఎనిమిది కొనేంత స్తోమత ఏ షెడ్డుకూ లేదు, కాగితం నాలుకకు మాత్రం ఒక చాయ్ ఖర్చు గూడ కాదట. ఆలోచన మంచిదే, నేను కాదనలే. నాకు మండింది వాడు వేసిన తొవ్వ మీద.

పూడూరు దాటినంక కొండ కనబడ్డది. బస్సు ఆగింది, భక్తులు దిగిన్రు, నేను కిటికీలోంచే దండం పెట్టుకున్న. "సాయంత్రం వస్తం గదక్కా" అన్నడు ప్రశాంత్.

జగిత్యాలలో ఎనిమిదింటికి దిగినం. అక్కడి పని ఏందంటే, గీత అచ్చేసే నల్ల సిరా తీసుకునుడు. గ్రాఫైట్‌ను ఇంకా పల్చని పొరలుగ విడదీసి చేసిన సిరా అది, వాని దోస్తు వరంగల్ నుంచి కొరియర్ చేసిండు. పని కోరుట్లలో ఉంటే పార్సిల్ జగిత్యాల ఎందుకయ్యా అంటే, "జగిత్యాల పెద్ద టౌను గదక్కా, తొందరగ వస్తది" అన్నడు. కొరియర్ ఆఫీసు టవర్ సర్కిల్ దగ్గర అని ఫోన్ చెప్పింది. అక్కడ చెప్పుల దుకాణం ఉన్నది. చెప్పుల దుకాణపాయన ఆఫీసు మారి చానా రోజులైందని కొత్త బస్టాండు దిక్కు చూపించిండు. ఆటోకు యాభై. అక్కడ మెట్లెక్కి పోతే తాళం, తొమ్మిదిన్నరకు తీస్తరట. ఖాళీగ నిలబడలేక కింద దుకాణంలో బడిపిల్లల డ్రాయింగ్ పోటీ కోసం మెత్తటి పెన్సిళ్ల డబ్బా ఒకటి కొన్న. పక్క హోటల్‌ల ప్రశాంత్ పూరీలు తిన్నడు, ఆలుగడ్డ కూర బాగున్నదని రెండుసార్లు చెప్పిండు. ఒక్కపొద్దు ఉన్న మనిషి ముందట కూర ముచ్చట ఎవడన్న చెప్తడా?

తాళం తీసినాయన కంప్యూటర్ల చూసి, "మీ పార్సిల్ కోరుట్లకు పోయింది సార్, పొద్దుగాల్నే" అన్నడు.

"నేను ఇక్కడనే ఆపమన్న గదా?" అన్నడు మావోడు.

"ఆపమన్నరా? ఎవలకు చెప్పిన్రు?"

ఎవలకూ చెప్పలే. మనసుల అనుకున్నడు, అంతే. పార్సిల్ మీద కోరుట్ల ప్రెస్సు అడ్రసు రాసి ఉంటే వాళ్లు కోరుట్లకు పంపకుండ ఇంకేం చేస్తరు? అంటే ఆ పొద్దంతా మేము జగిత్యాలలో చేసిందల్లా పూరీలు తినుడు, అవి గూడ వాడే తిన్నడు. వానిని నడిబజార్ల తిట్టిన. ఆ కొరియరాయన పాపం నాకు మంచినీళ్ల సీసా ఇచ్చిండు.

జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులకు కొదువ లేదు, నిజామాబాద్ పోయే ప్రతి బస్సు అటే పోతది, ముప్పావు గంట. కోరుట్లలో మా పని పెండ్లికార్డుల ప్రెస్సులో. నవ్వకండి, అక్కడనే సంగతంతా ఉన్నది. పెండ్లికార్డు మీద బంగారు రంగు వినాయకుణ్ణి ఎట్ల అచ్చేస్తరు? సన్నటి జాలీ గుడ్డ మీద రంగు పోసి రబ్బరు పట్టీతోని గీకుతరు. అదే జాలీ మీద బంగారు రంగుకు బదులు ఈ నల్ల సిరా పోస్తే కరెంటు గీతలు వస్తయ్. లక్షలు పెట్టి మిషన్ కొనే పని లేదు. కార్డు అట్ట గూడ దిట్టంగ ఉంటది, వంచితే విరగదు. ప్రెస్సు గంగాధర్ ముందు వారమే జాలీ తయారుచేసి పెట్టిండు. పార్సిల్ బల్ల మీద మా కోసమే ఎదురుచూస్తున్నది. పెండ్లిళ్ల సీజన్ గదా, ఆ చిన్న గదిలో నేల మీద గూడ కార్డులే, కాలు పెట్ట సందు లేదు.

ఒక్కో కార్డుకు నాలుగు నాలుకలు, కొసలు నాలుగు మూలలకు వచ్చేటట్టు అచ్చేసిండు. మూలల దగ్గరనే వైర్లు తగిలించాలె కాబట్టి అక్కడ గీత కొంచెం వెడల్పుగ ఉంటది. పది కార్డులు వేసిండు. రెండు కార్డులను ప్రశాంత్ కిటికీ దగ్గర ఎండకు పెట్టిండు, మిగిలినవి గంగాధర్ ఫ్యాను కింద ఆరబెట్టిండు. "గంట పడ్తది, అన్నం తిని రాండ్రి" అన్నడు గంగాధర్. ప్రశాంత్ బగారన్నం తిన్నడు. నేను చెరుకు రసం గూడ ముట్టలే. తిరిగొచ్చేసరికి ఎనిమిది కార్డులు కట్టకట్టి, మీద ఒక గులాబి పువ్వు పెట్టి, నవ్వుకుంట చేతికిచ్చిండు. నాలుగు మూలలకు తడి పసుపు.

ప్రశాంత్ మూలల దిక్కు వేలు చూపించి, "ఇదేంది?" అన్నడు.

"మొదటి ప్రింటు గద సార్" అన్నడు గంగాధర్. "పసుపు పెట్టకుండ ఉత్త కార్డు ఎట్లిస్త? మా నాయిన కాలం నుంచి గట్ల ఇచ్చింది లేదు. మా చేన్ల పసుపే, మంచిది."

ఆయన తప్పేం లేదు. పెండ్లికార్డు అంటే నాలుగు మూలలకు పసుపు పెట్టాలె, పుట్టినప్పటి నుంచి ఆయన చేతులకు అదే అలవాటు. మనం అచ్చేయించింది పెండ్లికార్డు మీదనే, అచ్చయింది పెండ్లికార్డుల ప్రెస్సులోనే, మరి ఆయన ఏమనుకుంటడు? కానీ వైర్లు తగిలించే చోటుకు సరిగ్గ వెతికి పెట్టినట్టే పెట్టిండు. ప్రశాంత్ గుడ్డతో మెల్లగ తుడిచిండు. పసుపు తడికి నల్ల పొర లేచి గుడ్డకు వచ్చింది. ముప్పై రెండు నాలుకలు అట్లనే పోయినయ్. కిటికీ దగ్గరున్న రెండు కార్డులు గంగాధర్ చేతికి అందలే కాబట్టి బతికిపోయినయ్. ఎనిమిది నాలుకలు. చిన్నమ్మ మిషన్‌కు సరిగ్గ సరిపోతయ్, ఒక్కటి చెడిపోయినా ఇంకోటి లేదు. సిరా గూడ అయిపోయింది. సంగతి తెలిసినంక గంగాధర్ మొహం చిన్నబోయింది. మళ్ల వేయించుకుందురు గానీ అని, పెండ్లికొడుకు పేరు తప్పుపడ్డ కార్డుల కట్ట ఒకటి ఊరికెనే ఇచ్చిండు. ఎవల పెండ్లిదో పాపం, ఆ మోత గూడ నాకే తగిలింది.

కోరుట్ల నుంచి వేములవాడకు బస్సున్నది, అక్కడ మారి సిరిసిల్ల పోవచ్చు. టైము ఉన్నోళ్లు అట్లనే పోండి, మంచి పని. మాకు ఆలస్యమైందని కారు మాట్లాడినం, రెండు వేలు అడిగి పద్దెనిమిది వందలకు ఒప్పుకున్నడు. డ్రైవర్ రాజేశం దుబాయ్‌ల బండి నడిపి వచ్చిన మనిషి. కథలాపూర్ దాటి రుద్రంగి దిక్కు తిరిగినంక రోడ్డు తన అసలు రూపం చూపించింది. "దుబాయ్ రోడ్ల మీద నిద్రాపుకునుడే పెద్ద పని అక్కా. ఈడ గా ఫికర్ లేదు" అన్నడు రాజేశం, గుంతను తప్పించి ఇంకో గుంతల వేసుకుంట. ప్రశాంత్ రెండు కార్డులను పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ల పెట్టుకున్నడు.

"కాగితం మీద కరెంటు అంటున్నరు, వానకు తడిస్తే ఎట్ల సార్?" అడిగిండు రాజేశం.

"మైనం పూస్తం."

"మరి చెమట చెయ్యి తగిలితే?"

"అదే చూడాలె."

"అంటే ఇంకా చూడలేదా?" అన్నడు రాజేశం. నేను వెనక సీట్ల కండ్లు మూసుకున్న. ఆకలికి నెత్తి పలుగుతున్నది, అంజన్న యాదికొస్తున్నడు, కారు ఎగురుతున్నది.

మూడున్నర దాటినంక సిరిసిల్లలో దిగినం. మగ్గాల గల్లీలు దూరం నుంచే తెలుస్తయ్, గోడల లోపల నుంచి ఒకటే టకటక. దిగే ముందు వానికి మళ్ల చెప్పిన. "చెవుల మాట ఎత్తకు. కొత్త మిషన్ పరీక్ష అని చెప్పు, అంతే. లక్ష్మి ముందట అసలే మాట్లాడకు." లక్ష్మి అంటే చిన్నమ్మ పక్క మిషన్ మీద కూసునే మనిషి. ఒకప్పుడు ఇద్దరూ ఒకే డబ్బాల తినేటోళ్లు. నాలుగేండ్ల నుంచి మాటల్లేవు, కారణం అడిగితే చిన్నమ్మ "దానికి పొగరు" అని ఊకుంటది. ప్రశాంత్ తలూపిండు. వీడు తలూపినప్పుడల్లా నాకు భయమే.

కండెల గది మగ్గాల షెడ్డుకు ఆనుకొని ఉన్నది. మూడు మిషన్లు, ముగ్గురు మనుషులు: చిన్నమ్మ, లక్ష్మి, ఆ పక్కన దేవవ్వ. గోడ అవతల మగ్గాల మోత ఎంతుందంటే, నేను నా మాట నాకే ఇనవడక అరిచిన. వాళ్లు ముగ్గురూ సైగలతోనే పని నడిపిస్తున్నరు, అక్కడ అందరూ అంతే. చిన్నమ్మ మమ్మల్ని చూసి నా గదువ పట్టుకొని, "తిన్నవా బిడ్డా?" అన్నది. లేదు అని నేను చెయ్యి ఊపితే డబ్బా దిక్కు చూపించింది. ఒక్కపొద్దు సంగతి సైగలతో చెప్పుడు నా వల్ల కాలే.

ప్రశాంత్ నాలుకలు కోసి, చివర్లకు టేపు అంటించి, దారం కింద ఒక్కొక్కటి బిగించిండు. వైర్లు, గుండీలంత బ్యాటరీలు, ఎనిమిది ఎర్ర లైట్లు. చిన్నమ్మకు ముందే ఫోన్ల కొంత చెప్పిండట, ఆమె ఏమీ ఎరుగనట్టే నిలబడి చూసింది. స్విచ్ వేసింది. ఎనిమిది కదుర్లు తిరిగినయ్, ఎనిమిది నాలుకలు వంగినయ్, ఒక్క లైటు గూడ వెలగలే. ప్రశాంత్ మూడో దారాన్ని చేత్తో తెంపిండు. మూడో లైటు వెలిగింది. చిన్నమ్మ చెయ్యి ఠక్కున మూడో కదురు మీదికి పోయింది. అయిదోది తెంపిండు, చెయ్యి అయిదో దాని మీదికి. ఇంకోటి తనంతట తానే తెగింది, లైటు వెలిగింది, చిన్నమ్మ ముడేసింది. ఆమె మొహం చూసిన నేను. పొద్దటి నుంచి నాకున్న కోపమంతా ఆ నిమిషం ఎటో పోయింది. నా తమ్ముడని గర్వంగ గూడ అనిపించింది, దాచుడెందుకు.

అప్పుడే ఆసామి లోపలికొచ్చిండు. నలభై ఏండ్ల మనిషి, చేతిల ఫోను. ఈ లైట్లేంది అన్నట్టు చెయ్యి తిప్పిండు. మా ప్రశాంత్ సంబురంల ఉన్నడు. ఒట్టు లేదు, అమ్మ లేదు, నేను లేను. తన చెవి మీద వేలు పెట్టుకున్నడు, చిన్నమ్మను చూపించిండు, తల అడ్డంగ ఊపిండు. తర్వాత లైట్లను చూపించి, ఇగ బాధ లేదు అన్నట్టు బొటనవేలు పైకెత్తిండు.

నోటితో చెప్పినా ఆ మోతల ఎవలకూ ఇనవడకపోయేది. సైగ చేసిండు కాబట్టి గదిలున్న ప్రతి ఒక్కరికి తెలిసింది.

చిన్నమ్మ స్విచ్ ఆపేసింది. ఒక్కొక్క నాలుకను పీకి, ఎనిమిదింటిని ప్రశాంత్ చేతుల పెట్టింది. పీకుడుకు వైర్ల దగ్గర కాగితం చినిగింది. ఆసామి మగ్గాల దిక్కు చెయ్యి ఊపి గోడ అవతలి మిషన్లు గూడ కాసేపు ఆపించిండు. ఒక్కసారిగ అంత నిశ్శబ్దం వస్తే చెవులు గుయ్యిమన్నయ్.

"నా నోట్లె మన్ను కొట్టినవు కొడుకా" అన్నది చిన్నమ్మ. మెల్లగ అన్నననుకున్నది, గట్టిగనే అన్నది.

"నిద్ర అంటివి గదనే అవ్వా" అన్నడు ఆసామి. ఆయనది కోపం గాదు, ఏం చేయాలెనో తెలువని మొహం. "ఇనవడకపోతే కండెలెట్ల చుడ్తవ్? సగం కండెలొస్తే మగ్గాలు ఆగుతయ్, నన్ను నూలిచ్చే సేటు అడుగుతడు. నేనేం చెప్పాలె?"

నాకు వానిని అక్కడనే రెండు వేయాలనిపించింది. మూడుసార్లు చెప్పిన, దిగేటప్పుడు గూడ చెప్పిన. తెలివి ఉన్నది గానీ పక్కనున్న మనిషికి ఏది నొప్పో తెలువదు. ఆమె చెవులు పోయినయని వీడికి తెలుసు, ఆమె ఎందుకు దాస్తున్నదో మాత్రం లెక్కలకే తీసుకోలే. ప్రశాంత్ చినిగిన నాలుకలు పట్టుకొని తలొంచుకొని నిలబడ్డడు. చిన్నమ్మ చెంగు నడుముల దోపుకొని డబ్బా సర్దుకుంటున్నది, పొమ్మని ఎవలూ అనకముందే.

అప్పుడు లక్ష్మి లేచింది. నాలుగేండ్ల నుంచి ఈ దిక్కు మొహం తిప్పని మనిషి, నడిచొచ్చి ఆసామి ముందట నిలబడి, తన చెవి మీద వేలు పెట్టుకున్నది. తల అడ్డంగ ఊపింది. సరిగ్గ మా ప్రశాంత్ చేసినట్టే.

"నా మిషన్‌కు గూడ పెట్టు కొడుకా" అన్నది.

దేవవ్వ కూసున్నకాడి నుంచే, "నాకు ఎడమ దిక్కు పూర్తిగ లేదు. కుడి దిక్కు కొంచెం ఉన్నది" అన్నది, బియ్యం ఎంత మిగిలినయో చెప్పినంత మామూలుగ.

ఆసామి ముగ్గుర్ని చూసిండు. ఒక్కరినైతే తీసేస్తడు, ముగ్గుర్ని తీసేస్తే రేపు కండెలు ఎవలు చుడ్తరు? "బ్యాటరీల ఖర్చు ఎవలది?" అని అడిగిండు ఆఖరికి. కాగితాలు నాయి, బ్యాటరీలు మీయి అన్నడు ప్రశాంత్. ఆ రోజు మొత్తం మీద వాడు మాట్లాడిన ఒకే ఒక తెలివైన మాట. ఆసామి గొణుక్కుంట పోయిండు, పోతూ పోతూ "నెల చూస్త" అన్నడు. ఈ సారి ఆ మాట మనుషుల గురించి గాదు, లైట్ల గురించి.

ఇప్పుడు ఇరవై నాలుగు నాలుకలు గావాలె, చేతుల ఉన్నవి చినిగిన ఎనిమిది. సిరా లేదు. లైట్లు, వైర్లు మాత్రం వాని సంచిల ఇంకా ఉన్నయ్. ప్రశాంత్ నా సంచి దిక్కు చూసిండు. మెత్తటి పెన్సిళ్ల డబ్బా, పేరు తప్పుపడ్డ పెండ్లికార్డుల కట్ట. పెన్సిల్ గీతల గూడ అవే పొరలు ఉంటయ్ అని పొద్దున బస్సుల నెత్తి తిన్నది వీడే గదా. కాకపోతే సిరా అంత సమంగ రాదు, మళ్ల మళ్ల గట్టిగ రుద్దాలె, రుద్దినదాంట్ల కొన్ని పని చేయవు. నేను, చిన్నమ్మ, లక్ష్మి, దేవవ్వ వాకిట్ల, మోత కొంచెం తక్కువున్న కాడ నేల మీద కూసొని రుద్దినం. రుద్దుడు వేడికి కార్డుల మీది బంగారు రంగు వేళ్లకు అంటుతున్నది, దాని మీద నలుపు. "పిల్ల పేరు మంచిగున్నది" అన్నది దేవవ్వ కార్డు చదివి. "పిలగాని పేరే ఎవనిదో పడ్డది."

రుద్దుకుంట రుద్దుకుంట లక్ష్మి, చిన్నమ్మ మొహంల మొహం పెట్టి, పెదవులు కనబడేటట్టు అడిగింది. "మా మనుమరాలిని తొట్టెల వేసిన పండుగ నాడు నిన్ను వెనక నుంచి రెండుసార్లు పిలిచిన. తిరిగి చూడకుండ పోయినవ్. మా ఇంటి తిండి నీకు పనికిరాలేదనుకున్న."

చిన్నమ్మ పెన్సిల్ ఆపింది. "నువ్వు పిలువనే లేదని నేను అలిగిన" అన్నది. "తర్వాత బోరింగ్ కాడ నేనే పిలిచిన నిన్ను. నువ్వు పలుకలే."

"ఎప్పుడు పిలిచినవ్?" అన్నది లక్ష్మి.

చిన్నమ్మ డబ్బా మూత తీసి నడుమ పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. లక్ష్మి చెయ్యి కడుక్కోకుండనే ఒక ముక్క తెంపింది, వేళ్ల నలుపు రొట్టెకంటింది. చిన్నమ్మ నాకొక ముక్క పెట్టింది. ఒక్కపొద్దు అని చెప్పిన, గట్టిగనే చెప్పిన. ఇనవడలేదో, ఇననట్టు చేసిందో తెలువదు, తినేదాక నా ముందట నుంచి జరగలే. అంజన్న, తప్పైతే క్షమించు, ఆ రొట్టె మాత్రం బాగున్నది.

పొద్దుగూకేసరికి రెండు మిషన్లకు నాలుకలు కుదిరినయ్, దేవవ్వదానికి సగమే అయినయ్. మిగిలినవి వాళ్లే రుద్దుకుంటమన్నరు, పెన్సిళ్ల డబ్బా ఇచ్చేసిన. సిరిసిల్ల నుంచి కరీంనగర్‌కు బస్సులు చానా ఉంటయ్, గంటంబావు, అందులో కొండగట్టు లేదు. బస్సుల ప్రశాంత్, "వచ్చే శనివారం పక్కా పోదాం అక్కా" అన్నడు. నేను కిటికీ దిక్కు తిరిగిన. నిజం చెప్పాలంటే నాకు ఆ రోజంతటి మీద ఇంకా మంటనే ఉన్నది: తొవ్వ తప్పు, పార్సిల్ తప్పు, పసుపు తప్పు, వాని నోరు కాకపోతే చెయ్యి తప్పు. అయినా ఒక్కటి మాత్రం నన్ను వదలలే. ఆ గదిలో ముగ్గురు ఆడోళ్లు ఏండ్లకేండ్లు చెయ్యి చాపితే అందేంత దగ్గర కూసున్నరు. ముగ్గురి చెవులూ ఒకే మోతకు పోయినయ్. ఒకరి సంగతి ఒకరికి తెలువకుండ దాసుకొని, పలకనిది పొగరు అనుకొని, వేరువేరు డబ్బాలల్ల తిన్నరు. ఆ ఎర్ర లైట్లు దారం తెగితే వెలుగుతయ్. నాలుగేండ్ల కింద తెగినదానికి ఏ లైటూ వెలగలే, పాపం.

సిరిసిల్ల పోయేటోళ్లకు ఒక్క మాట. మగ్గాల షెడ్డు చూడాలంటే అడగండి, ఎవలూ కాదనరు. లోపలికి పోయినంక ఎవరినీ వెనక నుంచి పిలవకండి. చుట్టు తిరిగి ముందుకు పోయి, మీ మొహం కనబడేటట్టు నిలబడి మాట్లాడండి. పలకలేదని మాత్రం తిరిగి వచ్చేయకండి.